గాలిలో గట్టు తగాదా

2022 జనవరిలో మా అక్కయ్య అమెరికా ప్రయాణం పెట్టుకుంది. మేనకోడలికి నెలలు నిండాయి. ఆవకాయ, కందిపొడి, బాలింతకని తన చేత్తో దంచి చేసిన కాయం, అన్నీ సర్దుకుని విశాఖపట్నంలో విమానం ఎక్కి ఢిల్లీ చేరింది. తీరా చేస్తే, 19వ తేదీన ఎక్కవలసిన విమానం లేదన్నారు.

"ఏమిరా, తుపానా?" అని నాకు ఫోను చేసింది.

"కాదక్కయ్యా. అమెరికాలో కొత్తరకం సెల్‌ఫోను టవర్లు ఇవాళే పనిలోకి దిగుతున్నాయిట. వాటికీ విమానాలకీ పడదుట."

"ఫోనుకీ విమానానికీ తగువేమిటిరా, విడ్డూరం కాకపోతే!"

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి, ఏం జవాబు చెప్పను? మర్నాడు మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరు గారిని పట్టుకుని తెలుసుకున్నాను.

విమానంలో ఎత్తు చూపే సాధనాలు రెండు. ఒకటి గాలి ఒత్తిడిని బట్టి సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదీ చెబుతుంది. రెండోది రేడియో ఆల్టిమీటరు. ఇది కిందికి తరంగాన్ని పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని బట్టి నేల ఎంత దూరంలో ఉందో చెబుతుంది. మంచు కమ్మినప్పుడూ, కొండ దగ్గరపడినప్పుడూ పైలటుకి అదే కన్ను. సింహాచలం కొండలకీ యారాడ కొండకీ నడుమ విమానం దిగిన మా ఊరివాళ్ళకి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ కన్ను పొరబడితే ఏమవుతుందో 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డాంలో తెలిసింది. టర్కీ విమానం ఒకటి దాదాపు 2000 అడుగుల ఎత్తున ఉండగానే, చెడిపోయిన ఆల్టిమీటరు నేల తాకేశామంది. ఇంజన్ల జోరు దానంతటదే తగ్గిపోయింది. సిబ్బంది గ్రహించేసరికి ఆలస్యమైంది. విమానం పొలంలో కూలి 9 మంది పోయారు. ఆ తప్పు సెల్‌ఫోన్లది కాదు సుమండీ! భయం ఎందుకో తెలియడానికి చెప్పాను.

ఇక తగాదా సంగతి. ఆల్టిమీటరు పొలం 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్. అమెరికాలో ఫోన్లకి కొత్తగా అమ్మినది 3.7 నుంచి 3.98 వరకు. మధ్య గట్టు ఉన్నమాట నిజమే. కాని పాత ఆల్టిమీటర్లు పక్క చేలో సద్దులేని రోజుల్లో తయారైనవి. అక్కడి కేకలు కూడా వాటి చెవిన పడతాయి. ఆ కేకల్లో సన్నని ప్రతిధ్వని మునిగిపోతే?

మరి తప్పెవరిది? ఫోనువాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుని తమ హద్దులోనే ఉన్నారు. విమానాలవాళ్ళు ముందునుంచీ ఉన్నవాళ్ళు. చేను అమ్మి సొమ్ము పుచ్చుకుని, గట్టు సంగతి తరవాత చూద్దామన్నవాళ్ళదే తప్పని నా మనవి. 2020 అక్టోబరులోనే హెచ్చరిక నివేదిక వచ్చింది. అయినా డిసెంబరులో వేలం మొదలైంది, 8,100 కోట్ల డాలర్లు వచ్చాయి. చివరికి ఫోను కంపెనీలు విమానాశ్రయాల దాపున టవర్లు ఆపుకోవలసి వచ్చింది. విమానాలవాళ్ళు ఆల్టిమీటర్లకి జల్లెడలు అమర్చుకోవలసి వచ్చింది.

మనమూ ఆ దారినే నడిచాం. 2022 ఆగస్టు 1న వేలం ముగిసింది, లక్షన్నర కోట్ల రూపాయలు పలికింది. అక్టోబరు 1న సేవ మొదలైంది. రన్‌వే చివరలనుంచి 2.1 కిలోమీటర్లు, నడిమిగీతకి అటూ ఇటూ 910 మీటర్ల లోపల 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ టవర్లు పెట్టవద్దని ప్రభుత్వం కంపెనీలకి రాసింది నవంబరు 29న! మనవాళ్ళు వదిలిన గట్టు అమెరికావాళ్ళ గట్టు కంటే వెడల్పే, అది మెచ్చుకోవాలి. కాని ఆ ఉత్తరం వేలానికి ముందే రాసి ఉంటే, ఎవరు ఏం కొంటున్నారో వాళ్ళకి తెలిసి ఉండేది.

ఆ డిసెంబరులో మా ఊరికీ కొత్త సేవ వచ్చింది. 2023 మే 3న భోగాపురంలో కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. విమానాశ్రయం వెంట ఊరు పెరుగుతుంది, ఊరి వెంట టవర్లు లేస్తాయి. గట్లు ముందే వేసుకుంటే తగువుండదు.

అక్కయ్య రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళింది. అప్పటికే మనవరాలు పుట్టేసింది. ఈ కథంతా ఫోనులో చెబితే విని, ఒక్కమాటే అంది:

"నాన్నగారు అరెకరం కొన్నా ముందు గట్టు చుట్టూ నడిచి చూసి వచ్చేవారురా. గాలి అమ్మేవాళ్ళకి ఆపాటి తీరిక లేకపోయిందా?"