మొక్క నాటాక మొదలయ్యే చదువు

పర్యావరణ పాఠం మన విద్యార్థులకు కొత్తది కాదు. చదువులో అన్ని స్థాయుల్లోనూ దాన్ని తప్పనిసరి చేయాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. బడుల్లో జాతీయ హరిత దళాలు ఏర్పడి, డిగ్రీలో ప్రత్యేక పేపరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అయినా ఓజోన్ పొర గురించి రెండు పేజీలు రాయగల విద్యార్థుల్లో చాలామంది తమ కాలనీ పార్కులో నీడనిచ్చే చెట్టు కానుగో, కదంబమో చెప్పలేరు. తప్పు పిల్లలది కాదు. పాఠం చెప్పి, దాన్ని పరీక్షించుకునే నేల చూపించని మన పద్ధతిది. దగ్గరలోని పార్కు బాగోగుల్లో యువతకు బాధ్యత అప్పగించాలి, దాంతోపాటే నిర్ణయాల్లో వాళ్ల మాటకు విలువా ఇవ్వాలి.

తెలిసిన నేల కోసమే మనుషులు నిలబడతారు. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల కోసం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు గట్టిగా నిలబడటానికి కారణం అదే. అది వాళ్లు రోజూ చూసే నేల, అక్కడి నెమళ్లూ జింకలూ వాళ్లకు తెలిసినవే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. తెలియనప్పుడు ఏమవుతుందో కోనోకార్పస్ చెబుతుంది. త్వరగా పెరుగుతుందనీ, ఏడాదంతా పచ్చగా ఉంటుందనీ ఆ మొక్కను ఊరూరా నాటారు. వద్దని 2022లో తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సివచ్చింది. నాటమన్నదీ, మానమన్నదీ పైవాళ్లే. ఆ చెట్టు మీద ఏ పిట్ట వాలుతోందో కింద నుంచి గమనించి చెప్పే ఏర్పాటు మాత్రం లేదు.

ఆ ఏర్పాటు కష్టమేమీ కాదు. ప్రతి జూనియర్, డిగ్రీ కళాశాలకు ఒక పార్కును ముడిపెట్టాలి. ఏ చెట్టు ఎప్పుడు పూసింది, నాటిన మొక్కల్లో రెండో వేసవి దాటినవి ఎన్ని, రాలిన ఆకులు ఎరువవుతున్నాయా, మంటల్లో పోతున్నాయా అన్నది విద్యార్థులు నెలనెలా రాయాలి. దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 నుంచి ఇలాంటి చెట్ల పరిశీలనే చేయిస్తోంది. కేరళ బడిపిల్లలు అందులో ముందున్నారు. మనవాళ్లు రాసినదాన్ని వార్డు కమిటీ విని, జవాబు చెప్పాలి. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించమంది. ఆ డబ్బు తమ పార్కులో ఎలా ఖర్చవుతోందో అడగడమూ పర్యావరణ విద్యే.

ఇది జీతం లేని చాకిరీ అవుతుందన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఊడవడం, నీళ్లు పెట్టడం జీతమిచ్చి మున్సిపాలిటీ చేయించాల్సిన పనులు. విద్యార్థులది పరిశీలన, ప్రశ్న, ప్రతిపాదన. మొక్కల గురించి ఏళ్ల అనుభవమున్న తోటమాలిని వాళ్లకు గురువుగా గౌరవించి, అందుకు అదనపు వేతనమూ ఇవ్వాలి. ఎప్‌సెట్, నీట్ ఒత్తిడిలో సమయమెక్కడిదన్నది మరో మాట. ఇప్పుడున్న పర్యావరణ పేపరుకు కేటాయించిన గంటలనూ మార్కులనూ ఈ పనికి మళ్లిస్తే కొత్త భారం పడదు. రెండు మూడేళ్లకు వెళ్లిపోయేవాళ్లను నమ్ముకోవడమెలా అంటారు. మనుషులు మారినా నమోదు పుస్తకం కళాశాలలోనే ఉంటుంది. పదేళ్ల లెక్కలు ఒకచోట చేరితే ఏ అధికారీ వాటిని తోసిపుచ్చలేడు.

రేపు మాస్టర్‌ప్లాన్ల మీద గీతలు గీసేది, వాటికి అనుమతులిచ్చేది, వాటిని కోర్టులో ప్రశ్నించేది ఈ పిల్లలే. గుట్టనూ చెరువు శిఖాన్నీ ఖాళీ జాగాగా చూసే అలవాటు వాళ్లకు అంటకూడదంటే, వచ్చే విద్యాసంవత్సరం నుంచే పార్కును పాఠ్యాంశం చేయాలి.