ఆగస్టు 6 జాబితాలో ఎవరు లేరు? (తేదీల వెనక – 4)

పోయిన ఆదివారం ఈ భాగం పెట్టలేకపోయాను. ఇంట్లో జ్వరాలు. కొందరు తమ్ముళ్లు ఇన్‌బాక్స్‌లో తిట్టారు కూడా. సరే, ఆలస్యమైనా మంచిదే అయింది. మధ్యలో ఒక కాయితం నా చేతికొచ్చింది.

మా పిన్ని కూతురు డిగ్రీ అయిపోయి గ్రూప్ 2కి చదువుతోంది. వేదాద్రి నుంచి జగ్గయ్యపేట దాకా ఆటో, అక్కణ్ణుంచి నందిగామకు బస్సు. అక్కడొక కోచింగ్ సెంటర్. జులై ఆఖర్లో అందరికీ జిరాక్సు కాయితాలు పంచారు. ఆగస్టు నెలంతా, రోజుకో పెట్టె, 'చరిత్రలో ఈ రోజు'. ఆరో తేదీ పెట్టెలో ఏముందంటే: 1825లో బొలీవియా స్వాతంత్ర్యం. 1881లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పుట్టుక. 1934లో ప్రొఫెసర్ జయశంకర్ పుట్టుక. 1945లో హిరోషిమా మీద అణుబాంబు. 1962లో జమైకా స్వాతంత్ర్యం. 1991లో వరల్డ్ వైడ్ వెబ్. 2019లో సుష్మా స్వరాజ్ మరణం.

మా చెల్లి లేచి అడిగిందట. "సార్, చుండూరు కూడా ఈ రోజే కదండీ?"

"అది లోకల్ క్రైమ్ అమ్మా. ముందు స్టాటిక్ జీకే చూసుకో" అన్నాడట ఆయన.

ఆయన మీద నాకు కోపం లేదు. చెడ్డవాడు కాదు, ఫీజు కట్టలేని మన పిల్లలకు గడువిస్తాడు. నా పేచీ ఆ మాటతో. బొలీవియా ఎక్కడుందో మ్యాపులో చూపించలేనివాళ్లకు బొలీవియా చరిత్ర అయింది. తెనాలి పక్కనున్న ఊళ్లో ఎనిమిది మంది దళితుల్ని పట్టపగలు నరికి చంపితే అది లోకల్ అయింది.

చుండూరు మాకెంత లోకలో చెప్తాను. మా వేదాద్రి రేవు ముందునుంచి పోయిన కృష్ణ నీళ్లే ప్రకాశం బ్యారేజీ దగ్గర పడమటి కాలువలెక్కి తెనాలి వైపు పోతాయి. ఇక్కడ నరసింహస్వామి భక్తులు మునిగి లేచే నీళ్లు అక్కడ వరిచేలకు పారతాయి. 1991 ఆగస్టు 6న ఆ చేల గట్ల మీదే మనవాళ్లను తరిమారు. చంపి, గోనెసంచుల్లో కుక్కి, పంటకాలువలోనూ తుంగభద్ర డ్రెయిన్‌లోనూ పడేశారు. శవాలు దొరకడానికి రోజులు పట్టింది. నీళ్లకు లేని సరిహద్దు చరిత్రకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ సార్ చెప్పాలి.

ఇప్పుడు ఆ పెట్టెలో ఉన్నవాళ్లు అక్కడికెలా చేరారో చూద్దాం. ఎవరూ ఊరికే చేరలేదు.

జయశంకర్ సారు పేరుంది. ఉండాల్సిందే. మా ఊరి నుంచి కోదాడ ఎంతో దూరం లేదు, సరిహద్దు దాటితే ఆ పుట్టినరోజు సర్కారు పండగ. కానీ 2000 సంవత్సరంలో ఇలాంటి కాయితం మీద ఆ పేరు ఉండేదా? ఒక ఉద్యమం గెలిచింది, రాష్ట్రం వచ్చింది, పేరు ఎక్కింది.

హిరోషిమా. ప్రతి ఏడాదీ ఉదయం 8:15కి అక్కడ గంట మోగుతుంది, ఊరంతా నిలబడుతుంది. 1945 ఆఖరుకల్లా లక్షా నలభై వేల మంది దాకా పోయారని అంచనా. బతికి బయటపడ్డవాళ్లను అక్కడ హిబాకుషా అంటారు. వాళ్లకు పిల్లనివ్వలేదు, పనివ్వలేదు. వాళ్లు 1956లో సంఘం కట్టుకున్నారు. ఆ సంఘానికి నోబెల్ శాంతి బహుమతి 2024లో వచ్చింది. మధ్యలో ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి.

హిరోషిమాలో ఇంకో సంగతుంది. మనవాళ్లు చాలామందికి తెలీదు. జపాన్ కొరియాను ఏలుతున్న కాలం అది. పనికోసం తెచ్చిన, బలవంతంగా తెచ్చిన కొరియన్లు ఆ ఊళ్లో వేలమంది ఉండేవాళ్లు. బాంబుకు వాళ్లూ కాలిపోయారు. 1970లో వాళ్లకొక స్మారక స్తంభం కట్టారు. ఎక్కడ? శాంతివనం లోపల కాదు, బయట! లోపలికి రావడానికి 1999 దాకా ఆగాల్సొచ్చింది. ఒకే బాంబు, ఒకే బూడిద, అయినా స్తంభం ఊరి బయట. పల్లెలో పుట్టిన మనకు ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక 1991 గడి చూడండి. వరల్డ్ వైడ్ వెబ్ అని ఉంది. జెనీవా దగ్గర సెర్న్‌లో పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ ఆ ఆగస్టు 6న ఒక న్యూస్‌గ్రూపులో తన ప్రాజెక్టు గురించి అందరికీ చెప్పాడు. (మొదటి వెబ్‌సైటు ఆ రోజే పుట్టిందని రాస్తారు, తప్పు. సైటు అంతకు ముందే ఉంది. అది సరిచూసుకునే ఓపిక కూడా ఈ కాయితాలకు లేదు.) అంటే నేనీ పోస్టు రాస్తున్న గోడకూ, చుండూరు చేలల్లో పారిన నెత్తురుకూ తేదీ ఒకటే, ఏడాదీ ఒకటే. ఆ గడిలో 1991 అని ఉంది, ఆగస్టు 6 అని ఉంది. ఒక్క లైను పక్కనే మనవాళ్లు పట్టేవాళ్లు. పట్టించలేదు.

పెట్టెలో లేనివి ఇంకా రెండున్నాయి. రాసిపెట్టుకోండి.

1965 ఆగస్టు 6న అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఓటుహక్కు చట్టం మీద సంతకం పెట్టాడు. సెల్మా వంతెన మీద నల్లవాళ్లను పోలీసులు లాఠీలతో, గుర్రాలతో తొక్కించిన ఐదు నెలలకు వచ్చిన సంతకం అది. 2013లో వాళ్ల సుప్రీంకోర్టు ఆ చట్టంలో ముఖ్యమైన కోరను పీకేసింది.

2018 ఆగస్టు 6న మన లోక్‌సభ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సవరణ బిల్లును ఆమోదించింది. ఆ ఏడాది మార్చి 20న సుప్రీంకోర్టు ఆ చట్టం కోర పీకింది. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది, ఉత్తరాదిన మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నెత్తురుకు జడిసి తెచ్చిన బిల్లు అది. ప్రాథమిక విచారణ లేకుండానే ఎఫ్ఐఆర్, అరెస్టుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు అని 18ఏ సెక్షన్ చేరింది. మా చెల్లి పాలిటీ నోట్సులో ఆ సెక్షన్ ఉంది, అండర్‌లైన్ చేసి మరీ ఉంది. చట్టం పరీక్షకొస్తుంది. ఆ చట్టం ఎవరి శవాల మీద నిలబడిందో రాదు.

ఇంతా చెప్పి, ఇప్పుడు నా వాదనను నేనే కొంచెం తిప్పాలి. రేపు ఆ సార్ మనసు మారి, 'చుండూరు ఘటన, 8 మంది మృతి' అని ఒక లైను రాశాడనుకోండి. నేను సంతోషిస్తానా? సగమే.

ఎందుకంటే చుండూరు ఒక రోజులో జరగలేదు. జులైలో సినిమా హాల్లో మొదలైంది. చదువుకున్న మన కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న రెడ్ల కుర్రాడికి తగిలింది. కాలు తగలడం ఒక వంక. అసలు మంట వేరే. రైలు స్టేషన్ ఉన్న ఊరు. మనవాళ్లు చదివారు, రైల్వేలో ఉద్యోగాల్లో చేరారు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు, నేలక్లాసు వదిలి కుర్చీలో కూచున్నారు. ఆ తర్వాత వెలి. వెలి అంటే పుస్తకంలో రెండక్షరాలు. పల్లెలో అంటే కలుపుకు పిలవరు, కోతకు పిలవరు, ఊళ్లో అడుగుపెట్టనివ్వరు. పొయ్యి ఆరిపోతుంది. 144 సెక్షన్ పెట్టారు, పోలీసు పికెట్ పెట్టారు. అదంతా ఉండగానే ఆగస్టు 6 వచ్చింది. పోలీసులే పేటలోకి వచ్చి మగవాళ్లను పారిపొమ్మన్నారని బతికినవాళ్లు చెప్పారు. పారిపోయిన దారిలో వేటకాళ్లు కాచుక్కూచున్నారు. చంపినవాళ్లకు నెల రోజుల టైం ఉంది. ఆపాల్సినవాళ్లకూ అదే నెల ఉంది. 'ఆగస్టు 6న' అని ఒక్క లైను రాస్తే ఆ నెలంతా మాయమవుతుంది. ఏదో ఆవేశంలో జరిగిపోయినట్టు ఉంటుంది.

తర్వాతి ఏళ్లూ మాయమవుతాయి. శవాలను ఊరి బయటికి తీసుకుపోం అన్నారు మనవాళ్లు. ఊరి నడుమ పూడ్చారు, రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. కోర్టుకు మేం రావడం కాదు, కోర్టే చుండూరుకు రావాలన్నారు. వచ్చింది! నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కూచుంది. 2007 జులై 31న తీర్పు: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. పదహారేళ్లు సాక్షులు మాట మార్చకుండా నిలబడ్డారు. కూలికి పోతే గాని పూటగడవని మనుషులు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షపడ్డ 56 మందినీ వదిలేసింది. ఎనిమిది మంది చచ్చారు, చంపినవాడు మాత్రం ఎవడూ లేడు. మరి ఆ ఏప్రిల్ 22ను ఏ పెట్టెలో రాస్తారు?

తేదీ అసలు లేని చావులు కూడా మన చుట్టూ ఉన్నాయి. జగ్గయ్యపేటకు తన తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చెంచులను విందుకు పిలిచి తలలు నరికించాడని కృష్ణకు అటూ ఇటూ ఊళ్లన్నీ చెప్పుకుంటాయి. అమరావతి వైపు నరుకుళ్లపాడు అని ఊరి పేరే ఉంది. ఆ పాపం పోవడానికి గుళ్లు కట్టించాడంటారు. గుళ్ల గురించి ఎంతైనా రాశారు. ఆ చెంచులు ఏ రోజు పోయారో రాసినవాడు లేడు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా. అప్పట్నుంచి ఆగస్టు వస్తే మన గ్రూపుల్లో ఒకటో తేదీ మీదే కొట్లాట. ఆరో తేదీకి అందరూ అలిసిపోయి పడుకుంటారు. నేను మాదిగ ఇంట పుట్టాను, వర్గీకరణ కావాలన్నవాణ్ణి, దాచుకోను. కానీ "చుండూరు మాలలది, మనకెందుకన్నా" అని పోయినేడు ఒక తమ్ముడు పెట్టిన మెసేజి నాకింకా గొంతులో ముల్లులా ఉంది. తమ్ముడూ, 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు చీరాల శిబిరంలో మనతో కూచున్నవాళ్లలో మాల ఇళ్ల బిడ్డలున్నారు. "ఇది మాదిగల గొడవ" అని వాళ్లు లేచి పోయుంటే దళిత మహాసభ ఉండేదా? ఆ చట్టం ఉండేదా? వాటా దగ్గర కొట్లాడుకుందాం, గట్టిగానే కొట్లాడుకుందాం. శవాల దగ్గర వద్దు.

దండలేసే అన్నలకూ ఒక మాట. ఏప్రిల్ 14న దండ, డిసెంబర్ 6న దండ, మధ్యలో ఎనిమిది నెలలు విగ్రహానికి మీరు కనపడరు. బాబాసాహెబ్ చదవమన్నది ఆ మధ్య నెలల్లోనే.

ఈ ఆరో తేదీ సాయంత్రం మా పల్లెలో, చర్చి పక్క అరుగు మీద కూచుంటున్నాం. మైకు లేదు, ముఖ్య అతిథి లేడు. నల్లబోర్డు ఒకటి అడిగి తెచ్చుకున్నాం. జులై సినిమా హాలు దగ్గర మొదలెట్టి 2014 దాకా తేదీలన్నీ వరసగా రాసి, ఒక్కోదాని దగ్గర ఆగి మాట్లాడుకుంటాం. హిరోషిమా కొరియన్ల స్తంభం గురించి ఇంటర్ చదివే ఒక తమ్ముడు చెప్తానన్నాడు. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల హాస్టల్ పిల్లలు రాగలిగితే రండి. రాత్రి చివరి ఆటో దొరక్కపోతే ఇక్కడే పడుకోవచ్చు, పప్పన్నం ఉంటుంది.

బోర్డు మీద రాసేది మా చెల్లి. ఆ కోచింగ్ సారును కూడా పిలిచింది. వస్తాననలేదట, రాననలేదట. ఎన్నింటికి మొదలవుతుందని మాత్రం అడిగాడట.

(వచ్చే భాగం జనవరి 30 గురించి. గాంధీ హత్య అందరికీ తెలుసు. 1990లో అదే తేదీన అత్యాచారాల నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది.)