సూరత్: తాగేవాడిని బట్టి చట్టం

పదిహేడో శతాబ్దంలో భారత్‌కు వచ్చిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్, ఢిల్లీకి వైన్ ఎలా చేరేదో రాశాడు. పర్షియాలోని షిరాజ్ నుంచి బందర్ అబ్బాస్ రేవుకు, అక్కడి నుంచి ఓడలో సూరత్‌కు, సూరత్ నుంచి 46 రోజుల ప్రయాణంలో ఢిల్లీకి. ఒకనాడు వైన్ దిగిన ఆ రేవు పట్టణంలోనే నేడు ఒక్క సీసా కొనాలన్నా ప్రభుత్వ పర్మిట్ కావాలి.

1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని 1960లో ఏర్పడిన గుజరాత్ అలాగే కొనసాగించింది. మహారాష్ట్ర క్రమంగా సడలించింది. అంతేకాదు, 2001లో వైన్ తయారీకి ప్రత్యేక విధానం తెచ్చింది. ఫలితంగా సూరత్‌కు కొన్ని గంటల దూరంలోని నాసిక్ దేశ వైన్ రాజధాని అయింది. తెలుగు పద్మశాలీలు స్థిరపడిన సోలాపూర్ జిల్లాలోనూ, అక్లూజ్‌లో ఫ్రాటెలీ సంస్థ ‘సెట్టె’ అనే రెడ్ వైన్ చేస్తోంది. ఒగరు ఎక్కువుండే కాబర్నే సావిన్యోన్, పులుపు పాలు ఎక్కువుండే సాంజోవేజే ద్రాక్షలను కలిపి, ఓక్ పీపాల్లో నెలల తరబడి నిల్వ ఉంచుతారు. రెండు రకాలు ఒకదాని లోపాన్ని మరొకటి సర్దుతాయి. పీపాలో గడిపిన కాలం ఒగరును మెత్తబరుస్తుంది. ఇంత సమయం, పెట్టుబడి పడుతుంది కనుకే ఒక సీసా ఖరీదు మరమగ్గం కార్మికుడి రోజు కూలీని మించుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2023 డిసెంబర్ 17న నాలుగు వేలకు పైగా ఆఫీసులున్న సూరత్ డైమండ్ బోర్స్‌ను ప్రధాని ప్రారంభించారు. అయిదు రోజులకే గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీలో హోటళ్లు, రెస్టారెంట్లలో మద్యం వడ్డించడానికి గుజరాత్ ప్రభుత్వం అనుమతిచ్చింది. అక్కడి ఉద్యోగులకు పర్మిట్లు, వారి వెంట వచ్చే అతిథులకు తాత్కాలిక అనుమతి. పెట్టుబడిదారులకు ‘అంతర్జాతీయ వాతావరణం’ కావాలన్నదే కారణం. మరి విదేశీ కొనుగోలుదారులు వచ్చే వజ్రాల నగరానికి అదే వాదన ఎందుకు వర్తించదు?

వర్తింపజేసినా ప్రశ్న తీరదు. పర్మిట్ దొరికేది ఆఫీసు అద్దాల వెనక కూర్చునేవారికి. తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితమే సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలకు, ఒడిశా నుంచి వచ్చే కార్మికులకు ఆ దారి లేదు. వారి దాకా చేరేది చీకటి సరుకే. అందులో కల్తీ కలిస్తే ఏమవుతుందో 2009లో అహ్మదాబాద్, 2022 జులైలో బోటాద్ చూశాయి. మొదటి ఘటనలో వందమందికి పైగా, రెండోదాంట్లో నలభై మందికి పైగా చనిపోయారు.

అలాగని నిషేధం కోరేవారి మాట తోసిపుచ్చదగింది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడింది ఇంట్లో కూలి డబ్బు మిగలకనే. ఆ ఉద్యమంతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. దొంగ రవాణా, ఖజానా లోటు కారణాలుగా 1997లో నిషేధం సడలింది. కానీ ఆ రెండేళ్లూ నియమం అందరికీ ఒక్కటే అన్న భరోసా ఉండేది.

గుజరాత్‌లో లోపించింది ఆ భరోసాయే. ఇంట్లో తాగడం వ్యక్తిగత గోప్యతలో భాగమంటూ దాఖలైన పిటిషన్లు విచారణకు అర్హమేనని 2021 ఆగస్టులో హైకోర్టు తేల్చింది. ప్రభుత్వం మాత్రం సూత్రాన్ని తాకకుండా మినహాయింపులు పెంచుతోంది. మద్యం హానికరమని నమ్మితే గిఫ్ట్ సిటీ ఉద్యోగి ఆరోగ్యమూ లెక్కలోకి రావాలి. పెద్దలు తమ ఇష్టంతో తాగవచ్చని నమ్మితే మగ్గం ముందు నిలబడేవాడూ పెద్దవాడే. ఓక్ పీపాలో పాతబడిన వైన్‌కు తలుపు తీసి, ప్లాస్టిక్ సంచిలో వచ్చే సారా చావులకు కేసులతో సరిపెడితే, అది మద్యనిషేధం అనిపించుకోదు. తాగేవాడి స్థాయిని బట్టి ఇచ్చే పర్మిట్ మాత్రమే అవుతుంది.