జాలిపడితే పూయని చెట్టు

"ప్లమ్ చెట్టుని బోన్సాయ్‌గా పెంచొచ్చా?" అని కొందరు సోదరీమణులు అడుగుతున్నారు. పెంచొచ్చు. అయితే ముందు నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చెయ్యకుండా ఉంటారు.

నాలుగేళ్ళ కిందట చలికాలంలో న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. వాళ్ళ పెరటి మెట్ల మీద చిన్న కుండీలో జానెడు ఎత్తున జపాన్ ప్లమ్ చెట్టు ఉండేది. ఆకులన్నీ రాలిపోయి, ఒట్టి పుల్లలతో మంచులో నిలబడి ఉంటే నాకు మనసొప్పలేదు. అమ్మాయి ఆఫీసుకెళ్ళాక కుండీని వెచ్చటి హాల్లోకి తెచ్చి పెట్టేశాను. కొన్నాళ్ళకి లేత ఆకులు తొడిగితే ఎంత మురిసిపోయానో! పూమొగ్గలు మాత్రం విచ్చుకోకుండానే రాలిపోయాయి. వేసవికి చెట్టే ఎండిపోయింది. అమ్మాయి నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

ఈ చెట్టుని జపాన్‌లో 'ఉమే' అంటారు. పుట్టిల్లు చైనా. పేరుకి ప్లమ్ గానీ ఆప్రికాట్‌కి దగ్గర చుట్టం. దీని కాయల్ని మనం మాగాయ పెట్టుకున్నట్టే ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి నిలవ చేసుకుంటారు. చలి ఇంకా పోకముందే, ఆకు రాకముందే పూలు పూస్తుంది. ఆ పూలు రావాలంటే చెట్టు చలికాలమంతా నిద్రపోవాలి. ఆ నిద్రనే నేను పాడుచేశాను.

జపాన్‌లో నగహమా అనే ఊళ్ళో 1952 నుంచి ఏటా చలికాలం చివర కుండీల్లో పెంచిన ఉమే చెట్ల ప్రదర్శన జరుగుతుంది. నాలుగు వందల ఏళ్ళవని చెప్పే చెట్లు కూడా అందులో ఉన్నాయి. మాను తొర్రపోయినా కొమ్మ నిండా పూలే!

ఇక పెంపకం సంగతి:

* చోటు: ఏడాది పొడవునా ఆరుబయటే. ఎండ బాగా తగలాలి. నేల గడ్డకట్టే చలిలో వేళ్ళు దెబ్బతినకుండా కుండీని గోడ వారగానో, వేడి పెట్టని గరాజ్‌లోనో ఉంచండి. పూలు విచ్చేటప్పుడు నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసుకోవచ్చు, పొయ్యికీ హీటరుకీ దూరంగా.

* కత్తిరింపు: "చెర్రీని కోసేవాడు తెలివితక్కువవాడు, ఉమేని కొయ్యనివాడూ తెలివితక్కువవాడే" అని జపాన్ వాళ్ళ సామెత. పూలు రాలగానే, పూసిన రెమ్మల్ని రెండు మూడు ఆకుమొగ్గలు ఉంచి కత్తిరించండి. ఉబ్బుగా గుండ్రంగా ఉండేది పూమొగ్గ, సన్నగా మొన తేలి ఉండేది ఆకుమొగ్గ. ఆకుమొగ్గ లేకుండా కోస్తే ఆ రెమ్మ ఎండిపోతుంది. వచ్చే ఏటి మొగ్గలు వేసవిలోనే కడతాయి కాబట్టి ఆ తర్వాత కత్తెర ముట్టుకోకండి.

* కుండీ మార్చడం: పూలయ్యాక, ఆకు వచ్చేలోపు. లేత చెట్టుకి ఏడాది రెండేళ్ళకోసారి, ముదురు చెట్టుకి రెండు మూడేళ్ళకోసారి. వేళ్ళు కొంత కత్తిరించి, నీరు నిలవని గరుకు మట్టిలో పెట్టండి.

* నీళ్ళు, ఎరువు: పైమట్టి ఆరబోతుంటే నిండా పొయ్యండి. ఎరువు పూలయ్యాకే మొదలుపెట్టాలి. లేత చిగుళ్ళకి పేనుబంక పడుతుంది, ఆకు వెనక చూస్తూ ఉండండి.

* కాయలు: కాస్తే ముచ్చటే గానీ చిన్న చెట్టు నీరసిస్తుంది. పిందెల్లోనే తుంచెయ్యండి.

మరి హైదరాబాదులోనో బెజవాడలోనో ఉన్నవాళ్ళం? మన చలి దానికి ఏ మూలకీ చాలదు. ఎవరైనా ప్లమ్ మొక్క అంటగట్టబోతే డబ్బు పోసి కొనకండి. మన ఎండకి కాగితంపూల చెట్టు, మర్రి, జువ్వి బోన్సాయ్‌గా హాయిగా ఒదుగుతాయి. చలిదేశంలో ఉన్న పిల్లలకి మాత్రం ఈ కాగితం దాచి పంపండి.

మా అమ్మాయి మళ్ళీ ఇంకో ఉమే తెచ్చుకుంది. కిందటి ఫిబ్రవరిలో ఫొటో పంపింది: మెట్ల మీద మంచు, పుల్లకి అయిదే అయిదు తెల్లటి పూలు. కింద ఒక్క ముక్క రాసింది: "అమ్మా, దీన్ని లోపలికి తేలేదు."