లంకయైన మాట

విద్యుత్తు తీగపై తొడుగు చిరిగినచోట పనివాడు చుట్టు నల్లని పట్టీని 'ఇన్సులేషన్ టేపు' అందురు. పాఠ్యపుస్తకమున అట్టి గుణము గల వస్తువునకు 'బంధకము' అని పేరు. రెండును ఒకటే యని విద్యార్థి వల్లించును. కాని మొదటి మాటకు మూలము వేరుపరచుట. రెండవ దానికి మూలము కట్టివేయుట.

లాటినున 'ఇన్సులా' యనగా ద్వీపము. ఒక వస్తువును ఇన్సులేట్ చేయుట యనగా దానిని ద్వీపము చేయుట. 1729లో ఇంగ్లండున స్టీఫెన్ గ్రే పురికొసను పట్టుదారములపై నిలిపి, దాని వెంట విద్యుత్తును దూరమునకు పంపెను. పట్టుదారము తెగగా ఇత్తడి తీగ కట్టి చూచెను. విద్యుత్తు ఆ తీగ గుండా జారిపోయెను. పట్టు చేసిన పని పురికొసను లంకను చేయుటయే. క్లోమమునందలి కణముల దీవులలో పుట్టు ఇన్సులిన్ పేరును ఈ మూలమునుండి వచ్చినదే.

ఉష్ణబంధక మనగా వేడిని కట్టియుంచునది యని బాలుడు తలచును. కంబళి విషయమున ఆ యర్థము పొసగును. మరి మంచుగడ్డను రంపపు పొట్టులో కప్పుట ఎందులకు? కంబళి వేడిని పుట్టింపదు, పొట్టు చలిని పుట్టింపదు. వాని సందులలో చిక్కిన గాలి ఉష్ణమునకు సులభముగా దారి ఈయదు. లోని వేడి వెలుపలికిని, వెలుపలి వేడి లోనికిని పోవుట మందగించును. 'లంక' యను భావము తెలిసినవానికి ఇందు చిక్కు లేదు.

పేరుల పట్టిక మాత్రమే వల్లించుటలో అపాయమును కలదు. పొడికర్ర విద్యుత్తును ఆపును. తడిసిన కర్రను నమ్మరాదు. 'కర్ర బంధకము' అని మాత్రమే నేర్చిన బాలుడు వానలో తెగిపడిన తీగను కర్రతో త్రోయబోయినచో ప్రాణమునకే ముప్పు.

'బంధకము' అను మాటను తొలగింప బనిలేదు. అది పుస్తకములలో స్థిరపడినది. 'నిరోధకము' అందమన్న ఆ పేరు వేరొక విద్యుత్ పరికరమునకు చెల్లుచున్నది. కావలసినది మాటమార్పు కాదు, అర్థబోధ. ఉపాధ్యాయుడు నల్లబల్లపై గోదావరిని గీచి, నడుమ ఒక లంకను గీచి, పిదప 'బంధకము' అని వ్రాయవలెను. చుట్టును నీరున్నను లంక నీట కలియదు. ఆ బొమ్మ చూచిన విద్యార్థికి నిర్వచనము తానే తోచును.