ఇంగ్లీషు మేడకు తెలుగు మెట్టు

ఇంగ్లీషు క్రియల తరువాత ‘ఇంగ్’ రూపము వాడవలెనో, ‘దట్’తో ఉపవాక్యము చేర్చవలెనో తెలియక బరంపురములోని మన పిల్లలు తడబడుచున్నారు. ఈ భేదము తెలుగులోనే యున్నది. “ఆమె పాడుట వింటిని” అనిన, పాట చెవులార విన్నట్లు. “ఆమె పాడెనని వింటిని” అనిన, ఒకరు చెప్పగా తెలిసినట్లు. ‘హర్డ్ హర్ సింగింగ్’, ‘హర్డ్ దట్ షి సాంగ్’ అనువాని భేదమును ఇదియే. అన్ని క్రియలకును ఈ పోలిక చాలదు; ‘ఎంజాయ్’ తరువాత ‘ఇంగ్’, ‘హోప్’ తరువాత ‘దట్’ అనునవి వాడుకవలననే నేర్వవలెను. అయినను తొలిమెట్టు మాతృభాషయే.

1931లో సవరభాషా వ్యాకరణమును ప్రకటించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, నాటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడి ప్రాంతమున సవరబాలురకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. మనమో ఇంట తెలుగు మాన్పించి, ఇంగ్లీషు రాలేదని వగచుచున్నాము. మెట్టు తీసివేసి మేడ యెక్కుమనుట న్యాయమా? తలిదండ్రులారా, దినమున కొక్క గడియయైన పిల్లలచే తెలుగు చదివింపుడు.