ప్రాణమున్న చేపకే ధర

చేపల పెంపకంపై మన సలహాలు పట్టుబడితోనే ముగుస్తున్నాయి. తీరానికి దూరమైన కె.కోటపాడు వంటి ప్రాంతాల చెరువు రైతుకు ఇది చాలదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగగలదు. 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. కొర్రమీను గాలి పీల్చి తట్టుకొంటుంది. బొచ్చె, రోహు తట్టుకోలేవు.

కనుక పట్టుబడి పడవలోనే నీటితొట్టి ఉండాలి. అది పడవ నడుమ అమరితే ఒరుగుడు తగ్గుతుంది. పంపు మూతి బురదకు ఎడంగా ఉండి, నీరు చిల్లుల గొట్టం నుంచి జల్లుగా పడాలి. పొంగునీటి గొట్టం లోపలికి వచ్చే గొట్టంకంటే లావుగా, జాలీతో ఉండి, నీటిని పడవ బయటకు వదలాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ అమరికను రైతు చెరువులోనే పరీక్షించాలి. దిగుబడి లెక్కలో ప్రాణంతో ఒడ్డు చేరిన కిలోలకూ ఒక గడి ఉండాలి.